బజారు మందగిస్తే పాలేమవుతాయి?
ఆదోని, ఎమ్మిగనూరు అంగళ్ళ లెక్క

ఆర్థిక మాంద్యానికీ పాల సంఘానికీ సంబంధమేమిటని మన సభ్యులలో కొందరికి సందేహం కలగవచ్చు. మాంద్యమనేది పత్రికలలో కనిపించే పెద్దమాట. రెండు గేదెలు పెట్టుకుని పొద్దున మూడు లీటర్లు, సాయంత్రం రెండు లీటర్లు కేంద్రంలో పోసే రైతుకు దానితో పనేమిటని అనిపించటం సహజమే. కాని ఆదోని యార్డు గేటు ముందు టీ అంగడివాడు రోజూ పట్టుకునే పాలలో నాలుగు లీటర్లు తగ్గించాడంటే, ఆ నాలుగు లీటర్లు ఎక్కడో ఒకచోట తేలవలసిందే. అవి తేలేది మన కేంద్రంలోని క్యానులోనే. అందువలన బజారు మందగించిన సంగతి పత్రికలకంటె ముందుగా పాల సంఘం కార్యదర్శికి తెలుస్తుంది. అయితే అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియక, ఇది కేవలం పాలు ఎక్కువైన సీజను అనుకుని ఊరుకోవటం కూడా జరుగుతుంటుంది.

ముందుగా మాట అర్థం చూద్దాం. దేశంలో తయారయ్యే సరుకుల, సేవల మొత్తం విలువ వరుసగా రెండు త్రైమాసికాలు తగ్గితే దానిని మాంద్యమంటారు. మనదేశంలో 2020లో అటువంటిది వచ్చింది. ఏప్రిల్-జూన్ మధ్య దేశ ఉత్పత్తి అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 23.9 శాతం, జులై-సెప్టెంబరు మధ్య 7.5 శాతం పడిపోయినట్లు తొలి అంచనాలు చెప్పాయి. మొదటి మూడు నెలల్లో వాణిజ్యం, హోటళ్ళు, రవాణా, సమాచార విభాగం ఒక్కటే 47 శాతం పడిపోయింది. ఏడాది మొత్తానికి దేశ ఉత్పత్తి తగ్గటం 1979-80 తర్వాత మళ్ళీ అప్పుడే. ఆనాడు కరువు, పెట్రోలు ధరల దెబ్బ కలిసి సుమారు 5 శాతం తగ్గించాయి.

ఢిల్లీ లెక్కలలో కనపడని మాంద్యాలు కూడా ఆదోనికి వస్తుంటాయి. పత్తి ధర పడిపోయినా, వానలు ఎగబెట్టినా దేశమంతా బాగున్న ఏడాది కూడా ఇక్కడి బజారు వెలవెలబోతుంది. మన జిల్లా పశ్చిమ భాగానికి సంబంధించినంతవరకు ఇవే ఎక్కువసార్లు వచ్చే మాంద్యాలు.

యార్డు నుంచి ఉగ్గాని దాకా

ఆదోని పత్తి మీద, వేరుశనగ మీద పెరిగిన ఊరు. మద్రాసు-బొంబాయి రైలు మార్గం మీద ఉండటం కలిసివచ్చింది. 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చిన తాలూకా కావటం చేత నేటికీ కర్ణాటక రైతుల బండ్లు ఇక్కడి మార్కెట్‌కు వస్తుంటాయి. వ్యాపారం జోరు చూసి దీనిని రెండవ బొంబాయి అని పిలిచేవారు.

దసరా దాటాక యార్డులో పత్తి కుప్పలు పడే రోజులలో ఒక ఉదయం అక్కడ నిలబడి చూడండి. రైతు వేకువనే బండి దించుతాడు. వేలం అయ్యేదాకా, కాటా పడేదాకా అక్కడే ఉండాలి. కాబట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాడు, రెండుసార్లు టీ తాగుతాడు. హమాలీలు, దలాలీ గుమాస్తాలు, లారీ డ్రైవర్లు, జిన్నింగ్ మిల్లు కూలీలు, నూనె మిల్లుల వాళ్ళు కూడా అంతే. డబ్బు చేతికి వచ్చిన రైతు ఊరికి పోయేముందు ఇంటికి బట్టలు కొంటాడు, పిల్లలకు మిఠాయి కట్టించుకుంటాడు, పాత ఉద్దెర తీరుస్తాడు. ఈ ఒక్క రోజులో ఒకే పత్తి డబ్బు అయిదారు చేతులు మారుతుంది. మారిన ప్రతిచోటా ఎంతో కొంత పాలు ఖర్చవుతాయి.

పత్తి ధర పడిపోయినప్పుడు ఇదే వరుస వెనక్కు తిరుగుతుంది. రైతు సరుకు ఇంట్లోనే పెట్టుకుని ధర కోసం ఎదురుచూస్తాడు. యార్డుకు బండ్లు తగ్గుతాయి. బస్తాకు ఇంత అని కూలి తీసుకునే హమాలీకి బస్తాలు లేకపోతే కూలి లేదు. రెండు టీలు తాగేవాడు ఒకటి తాగుతాడు, తర్వాత ఇద్దరు కలిసి ఒక టీని చెరిసగం చేసుకుంటారు. ఈ సగం టీ మన ప్రాంతంలో మొదటినుంచీ ఉన్నదే గాని, అది ఎక్కువవటం మాత్రం మంచి గుర్తు కాదు.

ఎమ్మిగనూరు సంగతి కొంచెం వేరు. అక్కడ మగ్గం ఉన్నది. మాచాని సోమప్ప గారి చొరవతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఆ ఊరిపేరును దూరప్రాంతాలకు తీసుకుపోయింది. మగ్గం మీద బతికే ఇంటికి నూలు ధర పెరిగినా కష్టమే, గుడ్డ కొనేవాడు తగ్గినా కష్టమే. పత్తికి మంచి ధర వచ్చిన ఏడాది ఆదోని సంతోషిస్తుంటే ఎమ్మిగనూరు నేతవాడు నూలు ఎలా కొనాలని ఆలోచిస్తుంటాడు. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం తక్కువే అయినా, ఒకరికి వచ్చిన మంచి రోజులు రెండోవారికి రావలసిన నియమమేమీ లేదు. ఇక దగ్గరలోని మంత్రాలయానికి వచ్చిపోయే యాత్రికులు, తుంగభద్ర దిగువ కాలువ కింది పైరు, సంక్రాంతి రోజులలో నీలకంఠేశ్వరస్వామి జాతర, దానితో నడిచే పశువుల సంత ఎమ్మిగనూరు అంగళ్ళకు ఆధారాలు. ఒకటి పోయినా మరొకటి ఆదుకునేది. 2020లో వీటిలో ఒకటికి మించి ఒకేసారి దెబ్బతిన్నాయి.

ఒక టీ అంగడి లెక్క

ఇక్కడ ఒక లెక్క వేసి చూపటం అవసరం. ఇది ఫలానా అంగడిది కాదు, ఉదాహరణకు వేసుకున్నది. మీ ఊరి ధరలతో మీరు మార్చి వేసుకోవచ్చు.

రోజుకు 300 టీలు అమ్మే అంగడి అనుకుందాం. టీ పది రూపాయలు. రాబడి 3,000. పాలు 16 లీటర్లు, లీటరు 60 చొప్పున 960. చక్కెర, టీపొడి 400. గ్యాసు 250. ఒక పనివాడికి 500. బాడుగ రోజుకు 150. ఖర్చు మొత్తం 2,260. యజమానికి మిగిలేది 740.

ఇప్పుడు అమ్మకం నాలుగో వంతు తగ్గి 225 టీలయిందనుకోండి. రాబడి 2,250. పాలు 12 లీటర్లకు 720, చక్కెర, పొడి 300. గ్యాసు పెద్దగా తగ్గదు, 230 వేసుకుందాం. పనివాడి 500, బాడుగ 150 మామూలే. ఖర్చు 1,900. మిగిలేది 350. అమ్మకం తగ్గింది పావు వంతు, యజమాని సంపాదన తగ్గింది సగానికి పైగా. అంగడి, హోటలు ఏదైనా దీని స్వభావం ఇంతే. బాడుగ, కూలి, వడ్డీ గిరాకీని చూసి తగ్గవు.

అప్పుడు యజమాని ఏం చేస్తాడు? బాడుగ తగ్గించమని అడుగుతాడు. అది వెంటనే కాదు. టీ ధర పెంచలేడు, పెంచితే ఉన్న గిరాకీ కూడా పోతుంది. మిగిలినవి రెండే. పనివాడిని మానిపించటం, పాలు పలచన చేయటం. 12 లీటర్లు పట్టవలసినచోట 10 లీటర్లతో సరిపెడతాడు. అంటే టీల అమ్మకం నాలుగో వంతు తగ్గితే, పాల కొనుగోలు 16 నుంచి 10కి, మూడో వంతుకు మించి తగ్గిపోయింది. ఈ తేడాను మన సంఘాలు గమనించాలి. బజారు ఎంత పడిందో పాలు అంతే తగ్గుతాయనుకోవటం పొరపాటు, అంతకంటె ఎక్కువే తగ్గుతాయి. మానిపించిన ఆ పనివాడి ఇల్లు కూడా ఎక్కడో రోజుకు అరలీటరు కొనే ఇల్లే కావచ్చు.

అన్ని అంగళ్ళకూ దెబ్బ ఒకే రీతిగా తగలదు. బియ్యం, జొన్నలు, పప్పు, నూనె అమ్మే చిల్లర అంగడికి గిరాకీ నిలుస్తుంది గాని రొక్కం తగ్గి ఉద్దెర పెరుగుతుంది. ఖాతా పుస్తకం లావవుతుంది, గల్లాపెట్టె తేలికవుతుంది. ఆ అంగడివాడు టోకు వ్యాపారికి చెల్లించలేక అక్కడ అప్పు పడతాడు. బట్టల అంగడికి, బంగారం అంగడికి గిరాకీ ఒక్కసారిగా ఆగుతుంది. కొత్త చీర ఈ ఏటికి వద్దనుకోవచ్చు, అన్నం వద్దనుకోలేరు గదా. భోజన హోటళ్ళు ఈ రెంటికీ మధ్యన ఉంటాయి. ఇంటికి దూరంగా పనిచేసేవాడు హోటలు మానలేడు గాని, భోజనం మాని టిఫిను తింటాడు. భోజనంలో వేసే పెరుగు అట్లా తగ్గుతుంది.

మన దృష్టితో చూస్తే అన్నిటికంటె ముఖ్యం మిఠాయి అంగడి. కిలో కోవాకు గేదెపాలు సుమారు నాలుగు లీటర్లు, ఆవుపాలైతే అయిదు లీటర్లు కావాలి. పెళ్ళిళ్ళ సీజనులో ఒక మిఠాయి అంగడి పట్టే పాలు చాలా టీ అంగళ్ళు కలిసి పట్టినా రావు. పెళ్ళి వాయిదా పడటమో, చిన్నగా ముగించటమో జరిగితే ఆ పాలన్నీ ఒక్కరోజులో తిరిగివస్తాయి. టీ అంగడి తగ్గుదల మెల్లగా తెలుస్తుంది, మిఠాయి అంగడిది ఉరుము లేని పిడుగు.

2020లో జరిగినది

మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువగా ఉన్నది కర్నూలు జిల్లాలోనే కావటం చేత ఇక్కడ కట్టుబాట్లు మరింత గట్టిగా ఉన్నాయి. హోటళ్ళలో కూర్చుని తినటానికి కేంద్రం అనుమతి ఇచ్చింది జూన్ 8 నుంచి. అంటే రెండున్నర నెలలు. ఆ తర్వాత తలుపు తెరిచినా, తినేవాడి చేతిలో డబ్బు, మనసులో ధైర్యం వెంటనే రాలేదు.

ఆ రోజులలో దేశమంతటా సహకార డెయిరీల పరిస్థితిని కేంద్ర ప్రభుత్వమే మే 15న ప్రకటించింది. పాల గిరాకీ 20 నుంచి 25 శాతం తగ్గింది. సహకార సంఘాలు రోజుకు 560 లక్షల లీటర్లు సేకరిస్తే, అమ్ముడయినవి 360 లక్షల లీటర్లు. అదనంగా సేకరించిన పాలు మొత్తం 111 కోట్ల లీటర్లు, వాటికి రైతులకు చెల్లించినది 4,100 కోట్ల రూపాయలు. డెయిరీల నిర్వహణ రుణాలపై 2 శాతం వడ్డీ రాయితీ, సకాలంలో తీర్చిన వారికి మరో 2 శాతం ప్రకటించారు.

రోజుకు 200 లక్షల లీటర్ల ఈ తేడా ఎక్కడిది? ఇళ్ళలో పాలు తాగటం మానలేదు, కొన్ని ఇళ్ళలో పెరిగింది కూడా. తేడాలో పెద్దభాగం టీ అంగళ్ళది, హోటళ్ళది, మిఠాయి అంగళ్ళది, పెళ్ళి వంటశాలలది. మనం చిన్నచూపు చూసే బజారు టీ దేశం పాల వ్యాపారంలో ఎంత భారం మోస్తున్నదో అది ఆగిన తర్వాత తెలిసింది.

మిగిలిన పాలను పొడి చేయటమొక్కటే దారి. నూరు లీటర్ల పాలలో వెన్న తీశాక వచ్చే పొడి ఎనిమిదిన్నర, తొమ్మిది కిలోలు. అందరూ ఒకేసారి పొడి చేయటంతో ఏడాది మొదట్లో కిలో 300 రూపాయల పైబడి ఉన్న ధర కొద్ది నెలలలోనే 200 దరిదాపులకు జారింది. డబ్బంతా గోదాములో పొడి రూపంలో కూర్చుంటే రైతుకు బిల్లు చెల్లించటానికి అప్పు తేవాలి, అప్పుకు వడ్డీ కట్టాలి. పాలధర తగ్గించినప్పుడు, చెల్లింపు ఒక వారం ఆలస్యమయినప్పుడు సభ్యుడు కార్యదర్శిని నిలదీయటం న్యాయమే గాని, ఆ ఆలస్యం మూలం ఊళ్ళో కాక పట్నంలో మూతపడిన హోటలు పొయ్యిలో ఉన్నదని చెప్పగలగాలి.

ఆ వేసవిలో పల్లె అంగడి పట్నం హోటలుకంటె బాగా నిలబడిందని ఈ రచయిత అభిప్రాయం. గుంటూరు మిరప చేలలో చిక్కుకున్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు వలస కూలీలు ఊళ్ళకు చేరారు. వారితోపాటు రాష్ట్రమంతటా ఉపాధి హామీ పనులకు జనం పెరిగారు. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలి 237 రూపాయలు, దేశమంతటా కల్పించిన పనిదినాలు 389 కోట్లు. ఆ కూలి డబ్బు ఊళ్ళోని చిల్లర అంగడికి చేరింది. తోపుడు బండ్లవారికి, వీధి వ్యాపారులకు జూన్ 1న కేంద్రం స్వనిధి పథకం కింద, నవంబరులో రాష్ట్రం జగనన్న తోడు కింద పదేసి వేల రుణాలు మొదలుపెట్టాయి. మేజాబల్లలు వేసి, పదిమందిని పనికి పెట్టుకుని, నెలకు పెద్ద బాడుగ కట్టే మధ్యతరగతి హోటలుకు మాత్రం ఆ పదివేలు ఒక మూలకు రావు. వాయిదాలకు ఆగస్టు నెలాఖరు దాకా రిజర్వు బ్యాంకు గడువు ఇచ్చినా వడ్డీ పెరుగుతూనే ఉన్నది.

ఎక్కడో ధర, ఇక్కడ దాణా

2011 మార్చిలో న్యూయార్కులో పౌను దూది రెండు డాలర్లు దాటి, ఆ ఏడాది చివరకు డాలరుకు దిగువకు వచ్చింది. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయినప్పుడు సరిగ్గా పత్తి సీజను, రొక్కం మీద నడిచే వ్యాపారం ఊపిరాడక నిలిచింది. 2022లో పత్తి క్వింటాలు పదివేలు దాటి, మళ్ళీ దిగింది. 2023 ఖరీఫ్‌లో మన జిల్లాలో పలు మండలాలు కరువు మండలాలయ్యాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకం 50 శాతానికి పెంచటంతో బట్టల మిల్లులకు ఎగుమతి తగ్గే భయం పట్టుకుంది. అదే నెలలో విదేశీ పత్తిపై మన దిగుమతి సుంకం కూడా తాత్కాలికంగా ఎత్తివేశారు. ఆ సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలుగా ప్రకటిస్తే బహిరంగ మార్కెట్ అంతకు దిగువనే నడిచింది.

ఈ ధరలన్నీ పాడి రైతుకు మరోవైపునుంచి కూడా తగులుతాయి. క్వింటాలు పత్తిలో దూది 33 నుంచి 35 కిలోలు మాత్రమే, మిగిలినదానిలో అధిక భాగం గింజ. ఆ గింజ ఆడిన చెక్కే మన గేదెల దాణా. యార్డుకు పత్తి రాకపోతే జిన్నింగ్ మిల్లు ఆడదు, గింజ రాదు, చెక్క ప్రియమవుతుంది. లాక్‌డౌనులో మిల్లులే ఆగాయి. అంటే బజారు పడిన సమయంలో పాడిరైతుకు పాలధర తగ్గుతూ, దాణా ధర పెరుగుతూ ఉండటం జరుగుతుంది. అటువంటప్పుడు రైతు మొదట చెక్క తగ్గిస్తాడు. గేదె పాలు తగ్గిస్తుంది, వెన్న శాతం కూడా నిలకడగా ఉండదు. తర్వాత చూలు నిలవటం ఆలస్యమవుతుంది. బజారు ఆరునెలలలో కోలుకున్నా ఆ గేదె మళ్ళీ ఈనటానికి ఏడాది దాటవచ్చు. పట్నంలోని అంగడి మూసి మళ్ళీ తెరవవచ్చు, గేదెను మాత్రం మూసిపెట్టటానికి లేదు. పొద్దునా సాయంత్రమూ పిండవలసిందే.

హోటలు వాడుక పోయిన రైతు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. పట్నానికి దగ్గర ఊళ్ళలో కొందరు సభ్యులు సంఘానికి పోయక నేరుగా హోటళ్ళకు వాడుక పోస్తుంటారు. లీటరుకు అయిదారు రూపాయలు ఎక్కువ వస్తున్నప్పుడు వారిని తప్పుపట్టలేము. బజారు పడినరోజున హోటలువాడు రేపటినుంచి వద్దంటాడు, పాత బాకీ తర్వాత చూద్దామంటాడు. ఆ రైతు క్యాను తీసుకుని సంఘానికి వస్తాడు. అప్పటికే అక్కడ పాలు ఎక్కువై, యూనియన్ తీసుకోవటానికి వెనకాడుతుంటుంది. కష్టకాలంలోనూ సంఘాన్ని వదలని సభ్యులు, మంచిరోజులలో వెళ్ళిపోయినవాడికి ఇప్పుడు చోటెందుకని అడుగుతారు. ఇది ప్రతి మాంద్యంలోనూ సంఘం గడపమీద వచ్చే తగాదా.

వారి పాలు తీసుకోవాలనే మా అభిప్రాయం. తిప్పి పంపితే ఆ పాలు ఊళ్ళో సగం ధరకు తిరిగి, మన స్థానిక అమ్మకాన్నే చెడగొడతాయి. కాని ఏడాది పొడుగునా పోసినవారికి బోనసు, దాణా అరువు, చెల్లింపులలో ముందు వరుస ఉండటం న్యాయం. ఈ నిబంధనను మంచిరోజులలోనే సర్వసభ్య సమావేశంలో తీర్మానించి పెట్టుకోవాలి. తగాదా వచ్చిననాడు చేసే తీర్మానం ఎవరో ఒకరి మీద చేసినట్లే కనిపిస్తుంది.

సంఘమే హోటళ్ళకు పాలు పోస్తున్నచోట బాకీ విషయంలో జాగ్రత్త కావాలి. పట్నంలో పాలు పోసే అంగళ్ళు ఎన్ని, ఏ అంగడి రోజుకు ఎంత పట్టుతున్నది, ఎన్నిరోజుల బాకీ ఉన్నది, ఈ మూడూ ఒక నోటుపుస్తకంలో వారంవారం రాసుకుంటే చాలు. అంగడివాడు 16 లీటర్లనుంచి 14కు దిగిన వారం, వారం బాకీ పదిరోజులకు పెరిగిన వారం ఆ పుస్తకంలో కనబడుతుంది. అప్పటికింకా హోటలు తెరిచే ఉంటుంది, అడగటానికి మనిషి ఉంటాడు. మూతపడిన తర్వాత తాళానికి బాకీ చెప్పుకోవలసి వస్తుంది. పూర్తిగా ఆపేయక, పాత బాకీలో కొంత కొంత జమచేస్తూ రోజూ రొక్కానికి పదేసి లీటర్లు ఇస్తూ పోతే అంగడీ నిలుస్తుంది, మన డబ్బూ వస్తుంది. దసరా ముందర ఈ పుస్తకాన్ని పాలకవర్గం ఒకసారి చూడటం మంచిది. అప్పటికి యార్డులో కొత్త పత్తి ధర తెలుస్తుంది, ఆ వెనుకనే చలికాలపు పాలు పెరుగుతాయి.